డిజైన్‌కే అడ్రసు: బరంపురం పట్టు చీరల ఆన్‌లైన్ దుకాణానికి చేసిన ఎస్‌ఈఓ మరమ్మతు

గంజాం జిల్లా బరంపురంలో గోడౌను. కొనేవాళ్లు ఇటు ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం వరకూ, అటు భువనేశ్వర్ వరకూ ఉన్నారు. సరుకులో సగానికి పైగా బరంపురం పట్టు. మిగతాది బొమ్‌కాయి, కోట్‌పాడ్, సంబల్‌పురి, పొందూరు ఖద్దరు, ఉప్పాడ, మంగళగిరి. దుకాణం పేరు ఇక్కడ అక్కర్లేదు. మగ్గం సరుకును వేలల్లో ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి దుకాణానికీ ఈ చిక్కులే వస్తాయి.

ఎస్‌ఈఓ అంటే సైటు గూగుల్ వెతుకులాటలో సరిగ్గా కనబడేలా చేసే పని. ఫిర్యాదు రెండు ముక్కల్లో ఉంది. కొత్తగా ఎక్కించిన చీరలు వారాలు గడిచినా గూగుల్‌లో కనిపించడం లేదు. ఎప్పుడో అమ్ముడైపోయిన చీరలు మాత్రం కనిపిస్తున్నాయి, నొక్కితే హోమ్‌పేజీకి పోతున్నాయి. చూడగానే ఇవి రెండు వేర్వేరు జబ్బుల్లా ఉంటాయి. నిజానికి రెండింటికీ మూలం ఒక్కటే: సైటులో దేనికి అడ్రసు ఉండాలో, దేనికి ఉండకూడదో ఎవరూ నిర్ణయించలేదు. సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్టు ప్రతి పీసుకీ, ప్రతి ఫిల్టరుకీ ఒక యూఆర్‌ఎల్ (వెబ్ అడ్రసు) పుట్టించుకుంటూ పోయింది.

ముందు లాగ్‌లు

గూగుల్ సైటు యజమానులకిచ్చే సర్చ్ కన్సోల్ తెరవకముందే సర్వర్ లాగ్‌లు, అంటే సైటుకు వచ్చిన ప్రతి అభ్యర్థన చిట్టా, తీయాలి. సర్చ్ కన్సోల్‌లోని పేజ్ ఇండెక్సింగ్ రిపోర్టు (గూగుల్ తన జాబితాలో, అంటే ఇండెక్స్‌లో, ఏ పేజీలు చేర్చిందో చెప్పేది) ఒక్కో కారణానికి 1,000 ఉదాహరణలకు మించి చూపదు. లక్షల అడ్రసులున్న సైటుకు అది కిటికీ సందులోంచి ఊరు చూడటమే. లాగ్‌లో అయితే గూగుల్‌బాట్ (పేజీలు తెరిచి చదివే గూగుల్ ప్రోగ్రాము) ఏ రోజు, ఏ అడ్రసు అడిగింది, మనం ఏ కోడ్ ఇచ్చాం, ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది, అన్నీ ఉంటాయి. కనీసం 30 రోజుల లాగ్ కావాలి. చాలా హోస్టింగ్‌లలో పాత లాగ్‌లు వారానికే చెరిగిపోయేలా సెట్ చేసి ఉంటుంది కాబట్టి, పని ఒప్పుకున్న రోజే ఆ గడువు పెంచమని చెప్పాలి.

గూగుల్‌బాట్ అని పేరు పెట్టుకుని వచ్చేవాటిలో దొంగబాట్‌లు చాలా ఉంటాయి. ధరలు గీరుకుపోయే పోటీదారుల స్క్రిప్టులు కూడా అదే పేరుతో వస్తాయి. ఐపీ నంబరు నుంచి దాని పేరు వెతికితే (రివర్స్ డీఎన్‌ఎస్) ఆ పేరు గూగుల్‌బాట్ డాట్ కామ్‌తోనో గూగుల్ డాట్ కామ్‌తోనో ముగియాలి. ఆ పేరును మళ్లీ ముందుకు వెతికితే అదే ఐపీ రావాలి. రెండో అడుగు వదిలేస్తే పరీక్షకు అర్థం లేదు, ఎందుకంటే రివర్స్ పేరును ఎవరైనా తమ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు.

అలా వడకట్టిన వరుసలను అడ్రసు ఆకారాన్ని బట్టి కుప్పలు పోయాలి: చీర పేజీలు, క్యాటగిరీ పేజీలు, ఫిల్టర్ పేజీలు, సార్టింగ్, సైటు లోపలి వెతుకులాట, బుట్ట, బొమ్మలు, స్క్రిప్టులు. ఈ దుకాణంలో పెద్ద కుప్ప ఫిల్టర్లది, దాని తర్వాతది సార్టింగ్‌ది. చీర పేజీలకు మిగిలింది తక్కువ. అందులోనూ ఎక్కువ భాగం అమ్ముడైన చీరల పాత అడ్రసులకే పోతోంది. గూగుల్‌కు మనమిచ్చే అడ్రసుల జాబితా సైట్‌మ్యాప్. అందులోని అడ్రసులను లాగ్‌తో కలిపి చూస్తే, ఆ నెల్లో బాట్ ఒక్కసారి కూడా అడగని చీరలు విడిగా తేలాయి. కొత్త సరుకు ఎందుకు కనబడటం లేదన్న ప్రశ్నకు జవాబు ఆ జాబితాలోనే ఉంది.

క్రాల్ బడ్జెట్ (ఒక సైటులో బాట్ ఎన్ని పేజీలు తెరుస్తుందన్న పరిమితి) గురించి చిన్న సైట్లు దిగులు పడక్కర్లేదు. గూగుల్ మార్గదర్శకంలోనే రెండు కొలతలు ఉన్నాయి: వారానికోసారి మారే 10 లక్షలకు పైబడ్డ పేజీలు, లేదా రోజూ మారే 10,000కు పైబడ్డ పేజీలు. మగ్గం చీరల దుకాణం రెండో గుంపులోకి వస్తుంది, ఎందుకంటే రోజూ కొన్ని పీసులు అమ్ముడవుతాయి, కొన్ని కొత్తవి వస్తాయి.

ఫిల్టర్ల లెక్క

పట్టు చీరల క్యాటగిరీలో ఐదు ఫిల్టర్లు ఉన్నాయి: రంగులు 14, అంచులు 6, ధర శ్రేణులు 5, నూలు రకాలు 4, సందర్భాలు 5. ప్రతిదాంట్లో ఒక్కటే ఎంచుకోవచ్చనీ, ఎంచుకోకుండా వదిలేయొచ్చనీ అనుకుంటే 15 × 7 × 6 × 5 × 6, అంటే 18,900 పేజీలు. ఇది ఒక్క క్యాటగిరీకే. రంగుల్లో ఒకటికి మించి టిక్కు పెట్టనిస్తే రంగులే 16,384 కలయికలు అవుతాయి, మొత్తం 2,06,43,840కి చేరుతుంది. నాలుగు రకాల సార్టింగ్ కలిపితే 8,25,75,360. పైగా పారామీటర్ల (అడ్రసులో ప్రశ్నార్థకం తర్వాత చేరే ఎంపికల) వరుసకు కట్టుబాటు లేదు. ఎవరైనా ముందు అంచు, తర్వాత రంగు నొక్కితే ఒక అడ్రసు, ముందు రంగు నొక్కితే ఇంకొకటి. ఐదు ఫిల్టర్లను 120 వరుసల్లో రాయొచ్చు.

ఈ పేజీల్లో చాలావాటిలో చీర ఒక్కటి కూడా ఉండదు. "ఫలితాలు లేవు" అన్న మాట ఉంటుంది, కోడ్ మాత్రం అంతా బాగుందని చెప్పే 200. బాట్‌కు అది నిక్షేపమైన పేజీలాగే అందుతుంది. పైగా ఒక్కో ఫిల్టర్ పేజీ డేటాబేసును కొత్తగా అడుగుతుంది, క్యాష్ (ముందే దాచిన నకలు) పనికిరాదు. సర్వర్ నెమ్మదిస్తుంది. సర్వర్ నెమ్మదిస్తే గూగుల్ తనంతట తానే క్రాల్ తగ్గించుకుంటుంది. సర్చ్ కన్సోల్ సెట్టింగుల్లో ఉండే క్రాల్ స్టాట్స్ రిపోర్టులో సగటు స్పందన సమయం ఎక్కిన రోజుల్లో క్రాల్ సంఖ్య పడిపోవడం కనిపిస్తుంది. చెత్త పేజీలు క్రాల్‌ను తినేయడమే కాదు, మంచి పేజీలకు మిగిలిన దాన్నీ కుదించేస్తున్నాయన్నమాట.

మొదటి మందుగా చాలామంది కెనానికల్, అంటే ఈ పేజీకి అసలు అడ్రసు ఫలానా అని చెప్పే ట్యాగు, రాస్తారు. 2009లో వచ్చిన ఆ ట్యాగు మంచిదే. అయితే అది సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. ఎర్ర చీరల పేజీలో ఉన్న సరుకు వేరు, మొత్తం పట్టు చీరల పేజీలో ఉన్న సరుకు వేరు. రెండూ ఒకటే అని రాస్తే గూగుల్ నమ్మకపోవచ్చు. నమ్మినా, ఆ ట్యాగు చదవాలంటే పేజీ తెరవాల్సిందే కాబట్టి క్రాల్ ఖర్చు తగ్గదు. ఇండెక్స్‌లో చేర్చవద్దని చెప్పే నోఇండెక్స్ ట్యాగుదీ ఇదే కథ. ఇండెక్స్ శుభ్రపడుతుంది, క్రాల్ మాత్రం సాగుతూనే ఉంటుంది. పారామీటర్లు ఎలా చూడాలో గూగుల్‌కు చెప్పుకునే సాధనం సర్చ్ కన్సోల్‌లో ఒకప్పుడు ఉండేది, 2022లో తీసేశారు. ఇప్పుడు మిగిలింది మన లింకులు, బాట్ ఏవి తెరవకూడదో చెప్పే మన రోబోట్స్ ఫైలు.

అందుకని పని లింకుల దగ్గర మొదలైంది. బహుళ ఎంపిక రంగులు, ధర శ్రేణి, సార్టింగ్: ఈ మూడూ కొనేవాడికి అవసరం, వెతికేవాడికి అనవసరం. ఇవి యాంకర్ ట్యాగులుగా (లింకులుగా) ఉండటం మానేసి బటన్లయ్యాయి. ఎంపిక యూఆర్‌ఎల్‌లో హ్యాష్ (#) గుర్తు తర్వాత నిలుస్తుంది. హ్యాష్ తర్వాతి భాగాన్ని గూగుల్ వేరే పేజీగా లెక్కపెట్టదు. కొనేవాళ్లు మాత్రం ఆ లింకును వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు అదే ఎంపిక తెరుచుకుంటుంది. పెళ్లి బట్టలు ఇంటిల్లిపాదీ కలిసి ఎంచుకునే మన దగ్గర ఈ సౌకర్యం పోగొట్టకూడదు.

తర్వాత రోబోట్స్ ఫైలు. పాత అడ్రసులు బాట్ జ్ఞాపకంలో ఉంటాయి కాబట్టి లింకులు తీసేస్తే చాలదు. సార్టింగ్, ధర, బహుళ రంగుల పారామీటర్లను నక్షత్రం గుర్తుతో నమూనాలు రాసి అడ్డుకోవాలి. ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, నమూనా మరీ పొట్టిగా ఉంటే మంచి పేజీలు కూడా చిక్కుకుంటాయి. రంగు పారామీటర్ పేరు ఒక్కటే రాస్తే "రంగు నిలవాలంటే ఎలా ఉతకాలి" అన్న వ్యాసం అడ్రసు కూడా మూతపడింది. పారామీటర్ పేరుతోపాటు సమాన గుర్తు, దాని ముందు ప్రశ్నార్థకమో ఆంపర్‌సాండో తప్పకుండా ఉండాలి. రెండు, పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఉంటుంది. మూడు, అనుమతి, నిషేధం రెండూ ఒకే అడ్రసుకు తగిలితే పొడవైన నియమం గెలుస్తుంది, వరుసలో ముందున్నది కాదు.

అసలైన చిక్కు వరుసక్రమంలో ఉంది. రోబోట్స్‌లో మూసిన పేజీని గూగుల్ తెరవదు. తెరవకపోతే దాని మీద ఉన్న నోఇండెక్స్ కనపడదు. కాబట్టి ఇప్పటికే ఇండెక్స్‌లో ఉన్నవాటికి ముందు నోఇండెక్స్ పెట్టి, అవి రాలిపోయాక మూయాలి. లోపలి వెతుకులాట పేజీలకు అలాగే చేశాం, ఎందుకంటే అవి వందల్లో ఇండెక్స్‌కు ఎక్కి ఉన్నాయి. కోట్లలో పుట్టగలిగే ఫిల్టర్ కలయికలకు మాత్రం అంతకాలం ఆగడం దండగ. వాటిలో ఇండెక్స్ అయినవి కొద్దే, క్రాల్ నష్టం మాత్రం పెద్దది. వాటిని మొదటి రోజే మూసేశాం. రెండు పద్ధతులూ సరైనవే. ఏది ఎక్కడ అన్నది లాగ్ చూసి తేల్చుకోవాలి.

రోబోట్స్ ఫైలును గూగుల్ మామూలుగా 24 గంటల వరకూ దాచుకుని వాడుతుంది. మార్చిన గంటకే లాగ్ చూసి పనిచేయలేదని మళ్లీ మార్చకూడదు. ఆ ఫైలే 500తో మొదలయ్యే వరుసలోని సర్వర్ ఎర్రర్ కోడ్ ఇస్తే సైటు మొత్తం మూసి ఉందనుకుని బాట్ ఆగిపోతుంది. పండుగ సేల్ రోజు సర్వర్ మూలిగినప్పుడు జరిగేది అదే. ఆ ఒక్క ఫైలును సీడీఎన్ (నకళ్లు ఉంచి పంచే బయటి సర్వర్లు) నుంచి ఇప్పించడం చవకైన బీమా.

కొన్ని ఫిల్టర్లు బతకాలి. జనం నిజంగా వెతికే కలయికలున్నాయి: ఎర్ర బరంపురం పట్టు, ఫోడా కుంభ (గుడి ఆకారపు) అంచు చీరలు, పెళ్లికి జోడ (మగవారి పట్టు పంచె). వీటికి పారామీటర్లు లేని శుభ్రమైన అడ్రసు ఇచ్చి, క్యాటగిరీ పేజీ హోదా ఇచ్చాం. నియమం ఇది: సర్చ్ కన్సోల్‌లోనో కీవర్డ్ ప్లానర్‌లోనో ఆ మాటకు వెతుకులాట ఉండాలి, ఏడాది పొడవునా కనీసం డజను పీసులు నిలవుండాలి, దానికంటూ చెప్పడానికి రెండు మాటలుండాలి. ఒక పేజీలో రెండు ఫిల్టర్లకు మించి కలవకూడదు. మూడింటిలో ఏది లేకపోయినా ఆ కలయిక బటనుగానే ఉండిపోతుంది. సరుకు లేని కలయికకు 404 (పేజీ లేదన్న కోడ్) ఇవ్వాలి. గూగుల్ చెప్పేదీ అదే.

ఒకే ఒక్క పీసు

ఈ పనిలో ఎక్కువ ఆలోచన అడిగింది ఇదే. సబ్బుబిళ్లలు అమ్మే దుకాణంలో ఒక అడ్రసు ఏళ్ల తరబడి ఉంటుంది. మగ్గం చీరల్లో ఒక్కో పీసు ఒక్కటే. దుకాణం ప్రతి పీసుకూ స్టాకు నంబరుతో అడ్రసు పెట్టింది, టైటిల్‌లో "పట్టు చీర" పక్కన ఆ నంబరే. చీర ఎక్కుతుంది, నాలుగు వారాలకు గూగుల్ చూస్తుంది, ఈలోగా అమ్ముడైపోతుంది. పేజీకి ఏ గుర్తింపూ చేరకముందే పేజీ పోతుంది. అమ్ముడైనవాటన్నిటినీ హోమ్‌పేజీకి 301 (శాశ్వత మళ్లింపు) చేశారు. సంబంధం లేని పేజీకి పంపే 301ను గూగుల్ సాఫ్ట్ 404గా, అంటే పైకి బాగున్నా నిజానికి లేని పేజీగా, తీసుకుంటుంది. కొనేవాడికి కూడా అది మోసంగానే తోస్తుంది.

జనం పీసును వెతకరు, నేతను వెతుకుతారు, అంచును వెతుకుతారు, రంగును వెతుకుతారు. అందుకే అడ్రసు డిజైన్‌కు మార్చాం. ఒకే మగ్గం అమరిక, ఒకే అంచు, ఒకే కొంగు పని ఉన్న చీరలన్నీ ఒక డిజైన్ పేజీ కిందికి వస్తాయి. లోపల పీసులు రంగుల వారీగా బొమ్మలతో ఉంటాయి. పీసు అమ్ముడైతే బొమ్మ పోతుంది, పేజీ నిలుస్తుంది. దాని మీద చేరిన లింకులు, రివ్యూలు, బొమ్మల గుర్తింపు నిలుస్తాయి.

డిజైన్ గుంపులు కట్టడం కంప్యూటర్‌కు వదిలేసే పని కాదు. గోడౌనులో సరుకు చూసే మనిషి పక్కన కూర్చోవాలి. "పెద్ద కుంభం, చిన్న కుంభం వేర్వేరు డిజైన్లా, ఒకటేనా?" అన్న ప్రశ్నకు జవాబు స్టాకు షీటులో ఉండదు. కొనేవాళ్లు ఆ తేడాను అడిగి తీసుకుంటారా లేదా అన్నదే కొలత. అడిగితే రెండు పేజీలు, అడక్కపోతే ఒకటి.

సాంకేతికంగా: డిజైన్ పేజీలో ప్రాడక్ట్ గ్రూప్ స్కీమా (సరుకు వివరాలను యంత్రం చదివేలా రాసే మార్కప్), దాని కింద ఒక్కో పీసు ఒక వేరియంటు. గూగుల్ ఈ వేరియంట్ల మార్కప్‌ను 2024 ఫిబ్రవరి నుంచి చదువుతోంది. ఒక్కో వేరియంటుకు ధర, కరెన్సీ, లభ్యత, బొమ్మ, స్టాకు నంబరు. పీసును నేరుగా ఎంచుకున్నట్టు తెరిచే అడ్రసుకు ఒకే ఒక్క పారామీటర్, దాని కెనానికల్ డిజైన్ పేజీకి. గూగుల్ షాపింగ్‌కు సరుకు జాబితా పంపే మర్చంట్ సెంటర్ ఫీడ్‌లో మాత్రం ఒక్కో పీసు విడి వరుస, అన్నిటికీ ఒకే గ్రూప్ ఐడీ, లింకు ఆ పారామీటర్‌తో ఉన్నది. ఫీడ్‌లో ధర, పేజీలో కనిపించే ధర, స్కీమాలో ధర మూడూ ఒక్కచోటి నుంచే రావాలి. అర్ధరాత్రి ఆషాఢం తగ్గింపు మొదలైనా పేజీ క్యాష్ ఆరు గంటలు నిలిచేలా ఉంటే, తెల్లారేసరికి ఫీడ్ వరుసలు తిరస్కరణకు గురవుతాయి. ధర మారిన క్షణమే ఆ పేజీ క్యాష్ చెరపాలి.

పాత పీసుల అడ్రసులను వాటి డిజైన్ పేజీకి 301 చేశాం. డిజైన్ తెలియనివి 410 (శాశ్వతంగా పోయిందన్న కోడ్). హోమ్‌పేజీకి ఒక్కటీ పోదు. వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్‌లో వేలాది నియమాలు ఒక్కొక్కటిగా రాస్తే ప్రతి అభ్యర్థనకూ వరుసగా పోల్చి చూస్తుంది. మ్యాప్ ఫైలుగా ఇస్తే హ్యాష్ పట్టికలో ఒక్కసారికే దొరుకుతుంది. గొలుసులు తెంపడం మర్చిపోకూడదు: పాత సైటు నుంచి నిరుటి సైటుకు, అక్కడి నుంచి ఇప్పటి సైటుకు దారి ఉంటే, మొదటి అడ్రసు నుంచే చివరి అడ్రసుకు తిన్నగా పంపాలి.

అన్నీ గుంపులో ఇమడవు. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ చీరకు సహజ రంగు ఆల్ చెట్టు వేరు నుంచి వస్తుంది. రెండు చీరల ఎరుపు ఎప్పుడూ ఒకటి కాదు. అలాంటివాటికి సొంత పేజీ ఉంచాం. అమ్ముడయ్యాక పేజీ 200తోనే ఉంటుంది, "అమ్ముడైంది" అని పైనే కనిపిస్తుంది, స్కీమాలో లభ్యత మారుతుంది, అదే నేతగాళ్ల మిగతా చీరలకు లింకులుంటాయి. సైట్‌మ్యాప్ నుంచి, క్యాటగిరీ జాబితా నుంచి ఆ రోజే తీసేస్తాం. ఆరు నెలల పాటు ఎవరూ రాకపోతే 410. బయటి నుంచి లింకులున్నవాటిని మాత్రం ఎంతకాలమైనా ఉంచాలి.

బాట్‌కు ధర కనబడని పేజీ

సర్చ్ కన్సోల్‌లోని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో లైవ్ పరీక్ష పెట్టి, రెండర్ అయిన హెచ్‌టీఎంఎల్ (బాట్‌కు చివరికి కనబడే పేజీ) చూస్తే ధర ఉండాల్సిన చోట ఖాళీ. ధర, నిలవ రెండూ పేజీ తెరుచుకున్నాక జావాస్క్రిప్ట్ ద్వారా ఒక ఏపీఐ (డేటా ఇచ్చే విడి అడ్రసు) నుంచి వస్తున్నాయి, ఆ ఏపీఐ ఫోల్డరు రోబోట్స్‌లో మూసి ఉంది. బ్రౌజరుకు అంతా బాగుంటుంది, బాట్‌కు మాత్రం ధరలేని, నిలవలేని చీర. సాఫ్ట్ 404లలో కొన్ని ఇందుకే. ఫోల్డరు తెరవడం తాత్కాలికం. శాశ్వతంగా టైటిల్, ధర, లభ్యత, మొదటి బొమ్మ సర్వర్ ఇచ్చే తొలి హెచ్‌టీఎంఎల్‌లోనే ఉండాలి.

"మరిన్ని చూపు" బటన్‌దీ ఇదే తంతు. గూగుల్ బటన్లు నొక్కదు. బటన్ కింద రెండో పేజీ, మూడో పేజీలకు నిజమైన లింకులుండాలి, ఒక్కో పేజీ కెనానికల్ తనకు తానే. అన్నింటినీ మొదటి పేజీకి కెనానికల్ చేస్తే లోపలి చీరలకు దారి మూసుకుపోతుంది. మునుపటి, తర్వాతి పేజీలను సూచించే రెల్ ట్యాగులను గూగుల్ వాడటం లేదని 2019లోనే చెప్పింది. వాటి కోసం డెవలపర్ సమయం ఖర్చు పెట్టనక్కర్లేదు.

సైట్‌మ్యాప్, బొమ్మలు

ఒక సైట్‌మ్యాప్ ఫైలులో 50,000 అడ్రసుల దాకా పెట్టొచ్చు, విప్పిన పరిమాణం 50 ఎంబీ దాటకూడదు. పరిమితి ఉంది కదా అని అంతా ఒకే ఫైలులో కుక్కితే రోగం ఎక్కడుందో తెలియదు. బరంపురం పట్టు డిజైన్లు ఒక ఫైలు, బొమ్‌కాయి ఒకటి, క్యాటగిరీలు ఒకటి, అలా 5,000 లోపు ఉండేలా విడగొట్టాం. పేజ్ ఇండెక్సింగ్ రిపోర్టును సైట్‌మ్యాప్ వారీగా వడకట్టొచ్చు కాబట్టి, ఏ సరుకు ఇండెక్స్ అవుతోందో ఏది కావడం లేదో ఫైలు చూస్తేనే తెలిసిపోతుంది.

పాత ఏర్పాటులో రాత్రి తనంతట తానే నడిచే క్రాన్ పని ప్రతి అడ్రసుకూ ఆ రోజు తేదీ వేసేది. మారిన తేదీని గూగుల్ వాడుకుంటుంది, అది నిజమని తేలినంతవరకే. అన్ని పేజీలూ రోజూ మారాయంటే ఇక దాన్ని పట్టించుకోదు. ధర, నిలవ, వివరణ మారినప్పుడే తేదీ మారేలా చేశాం. ప్రయారిటీ, చేంజ్ ఫ్రీక్వెన్సీ గూగుల్ చూడదు, తీసేయొచ్చు.

చీర బొమ్మలు స్టూడియో నుంచి వచ్చినవి వచ్చినట్టే ఎక్కించారు. గజపతి, రాయగడ కొండల్లో సిగ్నల్ ఒకటి రెండు గీతల మీద ఉండే ఫోనులో అవి తెరుచుకునేసరికి మనిషి వెళ్లిపోతాడు. ఎల్‌సీపీ (పేజీలో పెద్ద భాగం కనబడే సమయం) 2.5 సెకన్ల లోపు, ఐఎన్‌పీ (నొక్కితే స్పందించే సమయం) 200 మిల్లీసెకన్ల లోపు, సీఎల్‌ఎస్ (పేజీ కదిలిపోయే కొలత) 0.1 లోపు ఉండాలి. అదీ 75వ పర్సంటైల్ దగ్గర (నూటికి 75 సందర్శనల్లో), 28 రోజుల అసలు వాడకందార్ల డేటాలో. బరంపురం ఆఫీసు వైఫైలో వచ్చిన స్కోరుకు ఇక్కడ విలువ లేదు. చేసినవి: వెబ్‌పీ రూపం, ఫోను వెడల్పుకు తగ్గ సైజులు, ప్రతి బొమ్మకూ వెడల్పు ఎత్తు ముందే రాయడం. మొదటి బొమ్మకు లేజీ లోడింగ్ (అవసరమైనప్పుడే బొమ్మ తెచ్చే పద్ధతి) తీసేసి ప్రాధాన్యం పెంచడం అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. థీమ్ అన్ని బొమ్మలకూ లేజీ పెట్టేయడం మామూలే, చూసి తీసేయాలి. బొమ్మల అడ్రసులు మాత్రం మార్చకండి. చీరలకు గూగుల్ ఇమేజెస్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. బొమ్మలను గూగుల్ మళ్లీ చూడటానికి పేజీల కన్నా ఎక్కువ కాలం తీసుకుంటుంది. సీడీఎన్ మార్చేటప్పుడు బొమ్మలకూ 301 రాయాలి.

రెండు ఊళ్లు, నాలుగు భాషలు

ఒడిశా బరంపురం ఒకటి, పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లా బహరంపుర్ ఇంకొకటి. ఇంగ్లిష్ స్పెల్లింగులు దాదాపు ఒకటే, రెండు చోట్లా పట్టుకు పేరుంది. మన ఊరికే మళ్లీ బ్రహ్మపూర్ అన్న రూపం ఉంది. దుకాణం ఒక్కో స్పెల్లింగుకు ఒక్కో క్యాటగిరీ పేజీ పెట్టి, తన పేజీలను తానే పోటీకి దింపుకుంది. అన్నింటినీ ఒక్క పేజీలో కలిపి, మిగతావి 301 చేశాం. ఏ ఊరి పట్టో గూగుల్‌కు స్పష్టం కావడానికి పేజీలో నిజమైన వివరాలు చేర్చాం: గంజాం జిల్లా, ఫోడా కుంభ అంచు, చీరతోపాటు మగవారి జోడ, 2012లో వచ్చిన భౌగోళిక గుర్తింపు, గోడౌను చిరునామా. జోడకూ "మగవారి పట్టు పంచెలు" క్యాటగిరీకీ మధ్య ఉన్న పోటీనీ అలాగే తీర్చాం.

భౌగోళిక గుర్తింపు మాట టైటిల్ టెంప్లేటులో పెట్టి అన్ని చీరలకూ అంటించకూడదు. మరమగ్గం చీర మీద ఆ మాట పడితే అది ఎస్‌ఈఓ తప్పు కాదు, 1999 చట్టం కిందికి వచ్చే తప్పు. నేతగాళ్లకు అన్యాయం కూడా. అలాగే అసలు పట్టుకిచ్చే సిల్క్ మార్క్ లేబుల్ ఉన్న పీసుకే సిల్క్ మార్క్ గుర్తు కనబడేలా డేటాలో విడి గడి పెట్టాం.

భాషల్లో తెలుగు, ఒడియా, ఇంగ్లిష్, హిందీ ఉన్నాయి. మెనూలు మాత్రం అనువదించి, వివరణ ఇంగ్లిష్‌లోనే వదిలేసిన తెలుగు పేజీ ఎవరికీ ఉపయోగపడదు. వివరణ నిజంగా తెలుగులో రాసిన డిజైన్లకే తెలుగు అడ్రసు తెరిచాం. అంచు, కొంగు, జరీ, జాకెట్టు ముక్క, పొడవు, బరువు, రంగు నిలకడ ఇవన్నీ అమ్మకం కౌంటరులో వాడే మాటల్లోనే రాయించాం. ఒడియాలో వెతికేవాళ్లు "పాట శాఢీ" అంటారు. అక్కడి పేజీలో ఆ మాటే ఉండాలి. ఒకే పేజీకి ఏ భాషలో ఏ అడ్రసో గూగుల్‌కు చెప్పే హెచ్‌రెఫ్‌ల్యాంగ్‌లో ఒడియా కోడు ఓ, ఆర్. బండ్ల నంబరు ప్లేట్ల మీద చూసి ఓ, డీ అని రాసేస్తుంటారు, అది చెల్లదు. నాలుగు పేజీలూ ఒకదాన్నొకటి సూచించుకోవాలి. ఒక్కటి తిరిగి సూచించకపోయినా ఆ జత లెక్కలోకి రాదు.

సరిహద్దు దుకాణాలను ఆకర్షించే ఇంకో ఉచ్చు ఊరి పేర్ల పేజీలు. ఇచ్ఛాపురంలో పట్టు చీరలు, సోంపేటలో పట్టు చీరలు, పర్లాకిమిడిలో, గుణుపురంలో, జయపురంలో, ఊరు పేరు తప్ప తేడా లేని పేజీలు. గూగుల్ స్పామ్ విధానంలో వీటిని డోర్‌వే పేజీలంటారు. అన్నీ తీసేశాం. బదులుగా ఒక్క డెలివరీ పేజీ ఉంది. పిన్‌కోడ్ వేస్తే 532తో మొదలయ్యే శ్రీకాకుళం జిల్లాకు ఎన్ని రోజులు, 760తో మొదలయ్యే బరంపురానికి ఎన్ని రోజులు, క్యాష్ ఆన్ డెలివరీ ఉందా లేదా చెబుతుంది.

కొలవడం

శాతాలతో గొప్ప చెప్పుకోవడం ఈ వ్యాపారంలో ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో చూడండి. నిరుటి నెలతో పోల్చడం ఇంగ్లిష్ క్యాలెండరు అలవాటు. చీరలు కొనేది పంచాంగం చూసి. 2023లో అధిక శ్రావణం వచ్చి వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది, 2024లో 16న. 2026లో అధిక జ్యేష్ఠం పడింది, దాంతో పెళ్లి ముహూర్తాలు అటూ ఇటూ జరిగిపోతాయి. జూన్ మధ్యలో ఒడియా వాళ్లకు రజ పండగ, కొత్త బట్టలు కావాలి. కాస్త అటూ ఇటూగా తెలుగు వాళ్లకు ఆషాఢం, పెళ్లి కొనుగోళ్లు ఆగి తగ్గింపు కొనుగోళ్లు మొదలవుతాయి. బరంపురం ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి. జాతర ఉన్న ఏడాదిని లేని ఏడాదితో పోలిస్తే పని ఫలించినా ఓడినట్టు, ఫలించకపోయినా గెలిచినట్టు కనిపిస్తుంది.

అందుకే పని గెలుపును అమ్మకంతో కాకుండా గూగుల్ ప్రవర్తనతో కొలిచాం. లాగ్‌లో డిజైన్ పేజీలకు పోతున్న వాటా. కొత్త డిజైన్ ఎక్కినప్పటి నుంచి బాట్ తొలిసారి అడిగేవరకు పట్టే సమయం. ఒక్కో సైట్‌మ్యాప్‌లో ఇండెక్స్ అయినవాటి నిష్పత్తి. దుకాణం పేరు లేకుండా వచ్చే ప్రశ్నలకు డిజైన్ పేజీల మీద పడే క్లిక్కులు. చివరిదానికి సర్చ్ కన్సోల్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా) రాసి దుకాణం పేరునూ దాని తప్పు స్పెల్లింగులనూ తీసేయాలి. వీటిలో మొదటి మూడూ పండుగలతో సంబంధం లేకుండా మారతాయి. లాగ్‌లో కుప్పలు తారుమారయ్యాయి, డిజైన్ పేజీలు పైకొచ్చాయి, ఫిల్టర్ల కుప్ప అడుగంటింది. కొత్త డిజైన్లు కనబడటానికి వారాలు పట్టడం పోయి రోజుల్లోకి వచ్చింది. పండుగ పేజీల అడ్రసుల్లో సంవత్సరం తీసేసి ప్రతి ఏడూ అదే అడ్రసు వాడటంతో ఆ పేజీలు సున్నా నుంచి మొదలుపెట్టే బాధ తప్పింది.

ఇంత చేశాక పాడయ్యేది ఒక్కచోటే, కొత్త విడుదల రోజున. స్టేజింగ్ (పరీక్షల) సైటు నుంచి నోఇండెక్స్ ట్యాగు అలాగే లైవ్‌లోకి రావడం అన్నిటికంటే తరచుగా జరిగే ప్రమాదం. స్టేజింగ్‌కు పాస్‌వర్డ్ పెట్టాలి, రోబోట్స్ మీద ఆధారపడకూడదు. విడుదలకు ముందు ఒక స్క్రిప్టు ఒక్కో రకం పేజీ నుంచి రెండేసి అడ్రసులు తెరిచి కోడ్, కెనానికల్, నోఇండెక్స్, స్కీమా ధర, మొదటి హెచ్‌టీఎంఎల్‌లో ధర సరిచూస్తుంది. ఒక్కటి తేడా వచ్చినా విడుదల ఆగుతుంది. కొత్త ఫిల్టర్ అడిగిన మార్కెటింగ్ వాళ్లు ముందు ఒక గడి నింపాలి: ఇది బటనా, పేజీనా. పేజీ అయితే ఏ మాటకు, ఎన్ని పీసుల నిలవతో. ఆ గడి ఖాళీగా ఉంటే డెవలపర్ దాన్ని బటనుగానే కడతాడు.